విద్యాలయ ప్రాంగణము – వికలాంగ విద్యార్థి: ఒక పరిశీలన

మన కళాశాల ప్రధాన భవనమునకు మెట్లు ఎన్ని అని ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మేము పదిమందిని అడిగి చూచినాము. వారిలో అధ్యాపకులు గలరు, విద్యార్థినీ విద్యార్థులు గలరు, కార్యాలయ గుమాస్తా గలడు, కళాశాల సంఘ సభ్యులు ఒకరు గలరు. మూడు అనినవారు ఉన్నారు, ఎనిమిది అనినవారును ఉన్నారు. అందరమును దినమునకు నాలుగైదు మారులు ఎక్కి దిగువారమే, కాని సరియైన లెక్క ఎవరికిని తెలియదు. తృతీయ సంవత్సరము చదువుచున్న ఒక విద్యార్థి మాత్రము తడుముకొనకుండ సమాధానము చెప్పినాడు.

“వరండాకు ఐదు సార్. మొదటిది మిగతావాటికంటే ఎత్తు. లైబ్రరీకి ఇరవై రెండు. పదమూడో మెట్టు దగ్గర పట్టుకోవడానికి ఏమీ లేదు.”

అతడు చంకకర్రల సహాయమున నడచును. మనము మెట్లను ఎక్కుదుము, అతడు లెక్కించును. ఎక్కగలిగినవానికి మెట్టు కనబడదు.

ఇచ్చట మా తప్పు ఒకటి చెప్పుకొనవలసి ఉన్నది. ఆ విద్యార్థికి మేము రెండు సంవత్సరములు పాఠము చెప్పితిమి. అంతర్గత మూల్యాంకన పత్రములో అతని పేరు ఎదుట “పఠనాసక్తి తక్కువ” అని మా చేతితోనే వ్రాసితిమి. గడచిన ఆగస్టు మాసములో వేరొక పనిమీద గ్రంథాలయపు ఇచ్చిపుచ్చుకొను పుస్తకమును తిరగవేయగా, అతని చీటిలో ఒక్క పుస్తకమైనను నమోదు కాలేదని కనబడినది. పిలిచి అడిగితిమి. “రెండుసార్లు ఎక్కాను సార్. ఎక్కడం ఫరవాలేదు. దిగేటప్పుడు భయమేసింది” అనినాడు. రాతిమెట్లలోని లోపమును మేము అతని మనస్సులోని లోపముగా వ్రాసిపెట్టితిమి! ఆ పత్రము నేటికిని కార్యాలయపు బీరువాలో ఉన్నది. ఈ వ్యాసమునకు కారణము అదియే.

వైకల్యము అనునది మనిషి దేహములో ఉన్నదా, అతని పరిసరములలో ఉన్నదా? పూర్వము వైద్యులు చెప్పినదే నిర్వచనము. కాలు లేకుండుట, కన్ను లేకుండుట, చెవి వినబడకుండుట – ఇదియే వైకల్యము. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ఈ భావమును మార్చినది. దేహములోని కొరత, పరిసరములలోని ఆటంకము, ఈ రెండును కలిసినపుడు మనిషి నలుగురిలో కలిసి పాల్గొనలేకపోవుటయే వైకల్యమని ఆ ఒడంబడిక భావము. భారతదేశము 2007లో దీనిని అంగీకరించినది. మన విద్యార్థి తరగతి గదిలో బల్లముందు కూర్చున్నపుడు అందరివంటి విద్యార్థియే. గ్రంథాలయపు మెట్ల దగ్గర మాత్రమే వికలాంగుడగుచున్నాడు. కాలు రెండుచోట్లను ఒకటే.

చట్టము సంగతి సంఘ సభ్యులకు కొంత వివరముగా చెప్పుట యుక్తము. 1995నాటి వికలాంగుల చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే గుర్తించినది. దాని స్థానమున వచ్చిన 2016 చట్టము ఇరువది యొక్క విధములను గుర్తించినది. తలసీమియా, కండరాల క్షీణత, పఠన లేఖనములలో కలుగు ప్రత్యేక అభ్యసన వైకల్యము, ఆమ్లదాడికి గురియైనవారు, ఇత్యాదులన్నియు ఇందులో చేరినవి. నలుబది శాతమునకు తక్కువ కాని వైకల్యము గలవారికి ప్రభుత్వ విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలోను 5 శాతమునకు తగ్గకుండ స్థానములు కేటాయించవలెననియు, ప్రవేశమునకు వయోపరిమితిలో ఐదేండ్ల సడలింపు ఇవ్వవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. మన సంస్థ ఈ రిజర్వేషను విషయమున ఏ తరగతిలోనికి వచ్చునను చర్చను కార్యాలయమునకు వదలుదము. భవనముల విషయములో మాత్రము అట్టి చర్చకు తావు లేదు. విద్య కొరకు ప్రజలు వాడు భవనము ప్రభుత్వమునదైనను ప్రైవేటుదైనను చట్టము దృష్టిలో ప్రజాభవనమే. నియమములు వెలువడిన 2017 జూను నుండి ఐదేండ్లలోగా పాత భవనములనన్నింటిని అందరికిని అందుబాటగునట్లు మార్చవలెనని గడువు. ఆ గడువు 2022లోనే దాటిపోయినది.

2024 నవంబరు 8వ తేదీన రాజీవ్ రాతూరి వ్యాజ్యములో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మనకు మరి యొక కారణమున ఆసక్తికరమైనది. అందుబాటు ప్రమాణములు కేవలము సలహాలుగా ఉన్నచో చాలదనియు, కొన్ని తప్పనిసరి నియమములు ఉండి తీరవలెననియు ధర్మాసనము నిర్ణయించినది. ఆ నిర్ణయమునకు ఆధారమైన పరిశీలనా నివేదికను సిద్ధము చేసినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునకు చెందిన వైకల్య అధ్యయన కేంద్రము. ఇంటిప్రక్కవారు వ్రాసిన నివేదికను ఢిల్లీలో చదివినారు, మనమింకను చదువలేదు.

పేర్లను గూర్చి ఒక్కమాట. వికలాంగులు అనవలెనా, దివ్యాంగులు అనవలెనా, విభిన్న ప్రతిభావంతులు అనవలెనా అను చర్చ సభలలో చాల జరుగుచున్నది. మా విద్యార్థిని అడిగితిమి. “ఏదైనా ఫరవాలేదు సార్, పేరు పెట్టి పిలిస్తే చాలు” అనినాడు. మా అభిప్రాయమును అదియే. బిరుదు ఇచ్చుటకు ఖర్చు లేదు, వాలుబాట కట్టుటకు ఖర్చు గలదు. అందువలననే కాబోలు మొదటిది త్వరగా జరుగుచున్నది. అయితే తెలుగు అధ్యాపకులుగా మేము ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. “గ్రుడ్డిగా నమ్మినాడు”, “కుంటిసాకు”, “చెవిటివాని ముందు శంఖము” అని తరగతిలో అలవోకగా అనువారము మనమే. భాషను కడిగివేయుడని మేము అనము. ముందు బల్లమీద ఎవరు కూర్చున్నారో చూచి మాటాడుమని మాత్రము అందుము. ఇది మాకు మేము చెప్పుకొను మాట.

ఇక వాలుబాట. ప్రధాన ద్వారము ప్రక్కన సిమెంటుతో చేసిన వాలు ఒకటి మనకు ఉన్నది కదా అని కొందరు అందురు. ఉన్నది. తనిఖీ బృందము వచ్చుటకు వారము ముందు కట్టినది. దానిమీద నేటివరకు ఎక్కినవి ద్విచక్ర వాహనములు మాత్రమే. కారణము చిన్న గణితము. వరండాకు మొదటి మెట్టు ఎనిమిది అంగుళములు, మిగిలిన నాలుగును ఆరేసి అంగుళములు. మొత్తము ఎత్తు ముప్పదిరెండు అంగుళములు. ప్రమాణము ప్రకారము ఒక అంగుళము ఎత్తునకు పన్నెండు అంగుళముల పొడవు ఉండవలెను. అనగా ముప్పదిరెండు అంగుళముల ఎత్తునకు ముప్పదిరెండు అడుగుల బాట. మనము కట్టినది ఎనిమిది అడుగులు. చక్రముల కుర్చీలో కూర్చున్నవాడు దానిని ఒంటరిగా ఎక్కలేడు. ఎక్కించినను దిగునపుడు ముందుకు దొర్లును. చంకకర్రలవానికి అది మెట్లకంటె ప్రమాదకరము. వానకాలము సంగతి చెప్పనక్కరలేదు.

ముప్పదిరెండు అడుగులు ఎక్కడినుండి తెచ్చెదమందురా? వరండాకు ఎడమప్రక్క వేపచెట్టు క్రింద నలుబది అడుగుల స్థలము ఖాళీగా ఉన్నది. నాలుగడుగుల వెడల్పు, రెండువైపుల పట్టుకొనుటకు కమ్మీలు, మధ్యలో ఊపిరి తీసుకొనుటకు చదునైన మజిలీ, నునుపు చేయని గరుకు నేల. చెట్టును కొట్టవలసిన పని లేదు. ద్వారములకు తొమ్మిది వందల మిల్లీమీటర్ల వెడల్పు, కుర్చీ తిరుగుటకు అయిదడుగుల చోటు ఉండవలెను. మరుగుదొడ్డి తలుపు లోపలికి కాక వెలుపలికి తెరచుకొనవలెను. లోపల పడిపోయినవాని శరీరము అడ్డుపడి, లోపలికి తెరచు తలుపు ఇక తెరచుకొనదు కనుక ఈ చివరి నియమము ఏర్పడినది. మేస్త్రీకి ఈ కారణము చెప్పినచో అతడు మరువడు. కొలత మాత్రమే చెప్పినచో మరచును.

ఇదంతయు ఇద్దరు ముగ్గురు విద్యార్థుల కొరకా అని అడుగువారు గలరు. ఇందులో రెండు సంగతులు గలవు. మొదటిది, ఇద్దరు ముగ్గురే ఎందుకు ఉన్నారు? తండ్రి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి, మెట్లు చూచి, దరఖాస్తు తీసుకొనకయే తిరిగిపోయినపుడు ఆ లెక్క మన పట్టికలలో కనబడదు. రెండవది, జూన్ మాసములో ప్రవేశముల సమయమున ఆ మెట్లకడ ఒక ఉదయము నిలబడి చూడుడు. మోకాళ్ళ నొప్పులతో మనుమరాలి వెంట వచ్చిన నానీ, నిండు గర్భిణియైన ఉపాధ్యాయిని, మంచినీటి డబ్బాలు మోయు కూలి, క్రికెట్టులో కాలు విరిగిన మన జట్టు నాయకుడు, వీరందరును వాలుబాటకు అర్హులే. అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయములో 1962లో ఎడ్ రాబర్ట్స్ అను విద్యార్థి చేరినాడు. పోలియో వలన మెడ క్రింది భాగము దాదాపు చచ్చుబడి, రాత్రులు ఇనుప శ్వాసయంత్రములో నిదురించు స్థితి. వసతి గృహములలో ఆ యంత్రమునకు తగిన ఏర్పాటు లేకపోయినది. విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోనే ఒక గదిని అతనికి వసతిగా ఇచ్చినారు. ఆ ఆసుపత్రి గదికి క్రమముగా మరికొందరు తోడైనారు. అక్కడ కూడిన విద్యార్థుల ఉద్యమము నుండియే 1972లో స్వతంత్ర జీవన కేంద్రము పుట్టినది. బర్క్లీ వీధుల కాలిబాటల అంచులను వారు పోరాడి వాలు చేయించినారు. నేడు పసిపిల్లల బండ్లు త్రోయు తల్లులు ఎవరిని తలచుకొనకుండగనే ఆ వాలులమీద నడచుచున్నారు.

గ్రంథాలయము విషయమై మేము చేయు సూచన కొందరికి రుచింపకపోవచ్చును. పై అంతస్తునకు లిఫ్టు పెట్టించు శక్తి మన సంస్థకు లేదని మాకు తెలియును. కావలసిన పుస్తకమును బంట్రోతుచేత క్రిందికి తెప్పించెదమని మొదట అనుకొంటిమి. దానికి ఆ విద్యార్థి ఇచ్చిన సమాధానము ఇది: “ఏ పుస్తకం కావాలో పైకి వెళ్ళి చూస్తేనే గదా సార్ తెలిసేది?” నిజమే. పుస్తకము వెదకుకొనుచు దాని ప్రక్కనున్న మరియొక పుస్తకమును తీయుటయే గదా గ్రంథాలయములో మనము నేర్చిన విద్య! కావున గ్రంథాలయమే క్రిందికి రావలెను. క్రింది అంతస్తులో విశాలమైన గది ఒకటి కలదు. అది సంఘ సమావేశ మందిరము. సంవత్సరమునకు నాలుగుమారులు తెరువబడును. దానిని గ్రంథాలయమునకు ఇచ్చి, సమావేశములు పై అంతస్తులో జరుపుకొనవచ్చునని మా మనవి. సంఘ పెద్దలలో పలువురికి మోకాళ్ళ నొప్పులు గలవు, ఇరువదిరెండు మెట్లు వారెట్లు ఎక్కగలరని మిత్రులొకరు ఆక్షేపించినారు. ఆ ఆక్షేపణను మేము సంతోషముగా స్వీకరించుచున్నాము. మా వాదమునకు ఇంతకు మించిన బలము లేదు. సమావేశములకు క్రిందనున్న ఏదేని తరగతి గదిని సెలవు దినమున వాడుకొనవచ్చును.

ఈ సంవత్సరము ప్రథమ సంవత్సరములో చూపులేని విద్యార్థిని ఒకరు చేరినారు. తెలుగు ప్రత్యేక విషయము. మొదటి వారము మేము ఛందస్సు ప్రారంభించితిమి. నల్లబల్లమీద పద్యపాదము వ్రాసి, గురువునకు గిన్నె గుర్తు, లఘువునకు నిలువు గీత పెట్టుచు, “ఇటు చూడండి, ఇది గురువు, ఇది లఘువు” అని పదునైదు నిమిషములు చెప్పిన తరువాత గాని ఆమె తరగతిలో ఉన్నదని మాకు జ్ఞప్తికి రాలేదు. ఆ మధ్యాహ్నము ఆలోచించితిమి. ఛందస్సు కంటితో చూచు శాస్త్రమా? గురువన రెండు మాత్రల కాలము, లఘువన ఒక మాత్ర. ఇది కాలమునకు సంబంధించినది, చెవికి సంబంధించినది. గిన్నెయు గీతయు మనము మన సౌకర్యమునకు పెట్టుకొన్న గుర్తులు. గుర్తు పట్టుకొని వస్తువును వదలివేసితిమి.

మరునాడు సుద్దముక్క ముట్టలేదు. లఘువునకు బల్లమీద ఒక వ్రేలిదెబ్బ, గురువునకు అరచేతి చరుపు. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ గణములు. పదవ అక్షరమున యతి. చంపకమాలకు న-జ-భ-జ-జ-జ-ర, పదునొకండవ అక్షరమున యతి. ఇవి విద్యార్థులు ఏండ్ల తరబడి వల్లించుచునే ఉన్నారు, పరీక్షలో మాత్రము తడబడుచునే ఉన్నారు. నాలుగు ప్రసిద్ధ వృత్తములను మొదటి మూడు అక్షరములతోనే చెవితో పట్టవచ్చునని ఆ దినము తరగతి మొత్తము కనుగొన్నది. చరుపు-వ్రేలు-వ్రేలు అయినచో ఉత్పలమాల. మూడును వ్రేళ్ళే అయినచో చంపకమాల. మూడును చరుపులే అయినచో శార్దూలము. వ్రేలు-వ్రేలు-చరుపు అయినచో మత్తేభము. మేము పాదము చదువుట పూర్తి కాకమునుపే ఆ అమ్మాయి వృత్తము పేరు చెప్పుచుండెను. మొదట ఆమె ఒక్కతెయే. పదిదినములలో వెనుక బల్లలవారు కూడ. ప్రక్క తరగతిలో పాఠము చెప్పుచున్న ఉర్దూ శాఖ మిత్రులు ఈ చప్పుళ్ళేమని విచారించ వచ్చినారు. అరూజులో హ్రస్వ దీర్ఘములను గుర్తించుటకు తాము చేయవలసినదియు ఇదియేనని కొంతసేపు నిలిచి విని వెళ్ళినారు.

ఇది మా గొప్పగా చెప్పుట లేదు. అవధాన విద్య పుట్టిన భాష మనది. ఎనిమిదిమంది పృచ్ఛకులు అడ్డు తగులుచుండగా కాగితము, కలము లేక పద్యములు పూరించి, చివర అన్నింటిని ధారణతో అప్పగించు విద్య అది. ముషాయిరాలో షేరు విని దాద్ ఇచ్చు సంప్రదాయము మన రెండవ భాషది. ఇట్టి రెండు శ్రవణ సంప్రదాయముల నడుమ కూర్చొని, చూపులేని విద్యార్థినికి సాహిత్యము ఎట్లు చెప్పవలెనని మేము చింతపడితిమి!

ఈ సందర్భమున ఈజిప్టు దేశపు తాహా హుసేన్ జీవితము విద్యార్థులు తెలిసికొనదగినది. 1889లో ఎగువ ఈజిప్టులోని ఒక పల్లెలో పుట్టి, పసితనముననే కంటిజబ్బుతో చూపు కోల్పోయినాడు. బాల్యములోనే ఖురాను కంఠస్థము చేసినాడు. కైరోలోని అల్ అజ్హర్ విద్యాపీఠములో చేరినాడు. స్తంభము కడ గురువు కూర్చుండి చెప్పుచుండగా, చుట్టును వలయముగా కూర్చుండి వినుట అచ్చటి పద్ధతి. ఆ విద్యాపీఠములో చూపులేని విద్యార్థుల కొరకు ప్రత్యేకమైన చోటు చాలకాలము నుండి ఉండినది. 1908లో కొత్తగా ఏర్పడిన ఈజిప్షియన్ విశ్వవిద్యాలయములో చేరి, 1914లో అబుల్ అలా అల్ మఅర్రీ అను ప్రాచీన కవిపై పరిశోధన చేసి డాక్టరేటు పొందినాడు. ఆ కవియు చూపులేనివాడే అనుట గమనింపదగును. పిదప ఫ్రాన్సు వెళ్ళి ఇబ్న్ ఖల్దూన్ పై రెండవ డాక్టరేటు సాధించినాడు. అచ్చట ఆయనకు పుస్తకములు చదివి వినిపించిన సుజాన్ అను యువతియే తరువాత ఆయన భార్య అయినది. తిరిగివచ్చి ఆచార్యుడై, కళావిభాగాధిపతియై, 1950లో విద్యామంత్రియై, మాధ్యమిక విద్యను ఉచితము చేయించినాడు. ‘అల్ అయ్యామ్’ అను ఆయన స్వీయచరిత్ర ప్రపంచ ప్రసిద్ధము. 1973లో మరణించినాడు.

ఇట్టి జీవితములను వర్ణించునపుడు మన సభలలో ఒక పొరపాటు జరుగును. పట్టుదల యున్నచో ఏదైనను సాధ్యమేనని చెప్పి ముగింతురు. తాహా హుసేన్‌కు పట్టుదల యుండెను, నిజమే. కాని చెవితో నేర్పు విద్యాపీఠము ఉండెను, చదివి వినిపించు మనిషి ఉండెను, చేర్చుకొను విశ్వవిద్యాలయము ఉండెను. పట్టుదల విద్యార్థిది, మిగిలిన మూడును విద్యాసంస్థ వంతు. మన తెలుగునాట మచిలీపట్నము ప్రాంతపు పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా సంగతి తీసికొనుడు. పదవ తరగతి తరువాత చూపులేనివానికి సైన్సు చదువుటకు అనుమతి లేదనినారు. న్యాయస్థానమునకు వెళ్ళి అనుమతి తెచ్చుకొనవలసి వచ్చినది. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, హైదరాబాదులో పరిశ్రమ స్థాపించినాడు. న్యాయస్థానమునకు వెళ్ళలేని ఎందరు బాలురు ఆ విషయమును విడిచి వేరొకటి తీసికొన్నారో ఆలోచింపుడు.

బ్రెయిలీ లిపిని గూర్చి మన విద్యార్థులు వినియే ఉందురు. లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సులో జీనులు కుట్టువాని ఇంట పుట్టి, మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిముట్టు కంటికి తగిలి, క్రమముగా రెండు కన్నుల చూపును పోగొట్టుకొన్నాడు. సైనికులు చీకటిలో చదువుకొనుటకై బార్బియే అను అధికారి కల్పించిన పన్నెండు చుక్కల లిపిని, వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇమిడునట్లు ఆరు చుక్కలకు కుదించినాడు. అప్పటికి అతనికి పదునైదేండ్లు. ఆరు చుక్కలతో అరువది మూడు రూపములు ఏర్పడును.

అయితే మన కళాశాలవారు ప్రత్యేకముగా ఎరుగవలసిన విషయము మరియొకటి ఉన్నది. స్వాతంత్ర్యానంతరము భారతీయ భాషలన్నింటికి కలిపి భారతి బ్రెయిలీ అను ఏకరూప పద్ధతిని ఏర్పరచినారు. ధ్వని ఒకటైనచో చుక్కలును ఒకటే. తెలుగు ‘అ’కును ఉర్దూ అలిఫ్‌నకును మొదటి చుక్క ఒక్కటే. తెలుగు ‘క’కును ఉర్దూ కాఫ్‌నకును ఒకటవ, మూడవ చుక్కలు. ‘మ’కును మీమ్‌నకును ఒకటి, మూడు, నాలుగు. ‘ల’కును లామ్‌నకును ఒకటి, రెండు, మూడు. అంతకంటె వింత ఏమనగా, కాగితముమీద కుడినుండి ఎడమకు నడచు ఉర్దూ, బ్రెయిలీలో ఎడమనుండి కుడికే నడచును. మన కళాశాలలో రెండు శాఖల నడుమ గోడ ఉన్నది, ప్రకటన ఫలకముమీద ఏ భాష పైన ఉండవలెనను వాదము ఉన్నది. వ్రేలికొన క్రింద రెండును ఒకే అక్షరములతో ఒకే దిక్కునకు సాగుచున్నవి. తెలుగులో మనలను ఏడ్పించు గుణింతములు, ఒత్తులు అచ్చట పైకిని క్రిందికిని పోవు. అచ్చు గుర్తు హల్లు తరువాత వరుసలోనే వచ్చును. సంయుక్తాక్షరమైనచో పొల్లును తెలుపు నాలుగవ చుక్క ముందుగా వచ్చును. మా విద్యార్థిని ‘అమ్మ’ అను మాటను మా వ్రేలు పట్టుకొని చదివించినది. నాలుగు గడులు. ఆ నాలుగు గడులు పోల్చుకొనుటకు మాకు పావుగంట పట్టినది.

బ్రెయిలీ పుస్తకములు డిగ్రీ స్థాయిలో చాల తక్కువ. నేటి విద్యార్థికి ప్రధానమైన సాధనము చరవాణి, కంప్యూటరు. తెరమీది అక్షరములను పైకి చదువు సాధనములు ఇప్పుడు తెలుగును కూడ చదువుచున్నవి. ఆస్ట్రేలియాలోని ఇద్దరు చూపులేని యువకులు ప్రారంభించిన ఎన్.వి.డి.ఏ. అను సాధనము ఉచితముగా లభించును. ఇంత ఉండియు మేము ఇచ్చిన పాఠ్యాంశములను ఆ అమ్మాయి చదువుకొనలేకపోయినది. కారణము విచారింపగా సిగ్గువేసినది. మన కార్యాలయములో తెలుగు టైపు చేయునది అచ్చుపనికి వాడు పాత ఖతులలో. కంటికి తెలుగువలె కనబడును. యంత్రమునకు అది ఆంగ్లాక్షరముల గందరగోళము. పాఠము తెరచినంతనే యంత్రము అర్థములేని ఆంగ్ల శబ్దములను గొణుగుచుండినదట! ఇన్‌పేజీ దస్త్రములతో ఉర్దూవారి అవస్థయు ఇట్టిదే. కొందరు అధ్యాపకులము చేతివ్రాతను ఛాయాచిత్రము తీసి వాట్సాపులో పంపుచున్నాము. అది ఆమెకు తెల్లకాగితము. యూనికోడ్‌లో టైపు చేయుటకు దమ్మిడీ ఖర్చు లేదు. అలవాటు మార్చుకొనవలెను, అంతే. ఈ వార్షిక సంచికయు పాత ఖతులలోనే అచ్చునకు పోవుచున్నదని సంపాదకులు తెలిపినారు. ఈ ఒక్క వ్యాసమునైనను యూనికోడ్‌లో వేరుగా ఇప్పించి ఆమెకు పంపవలెనని కోరితిమి, అంగీకరించినారు.

పరీక్షలు సమీపించుచున్నవి కనుక లేఖకుని విషయము చెప్పవలెను. కేంద్ర ప్రభుత్వము 2018 ఆగస్టులో వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము గంటకు ఇరువది నిమిషములకు తగ్గకుండ అదనపు సమయము ఇవ్వవలెను. మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. అభ్యర్థి తన లేఖకుని తానే తెచ్చుకొనవచ్చునని ఆ 2018 మార్గదర్శకములు చెప్పినవి. లేఖకుని చదువు అభ్యర్థి చదువుకంటె ఒక మెట్టు తక్కువ ఉండవలెనని వానిలో ఉండెను. 2021లో వికాస్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, నలుబది శాతము లేదను కారణమున లేఖకుని నిరాకరింపరాదని తీర్పు చెప్పినది. ఇవన్నియు బాగుగనే ఉన్నవి. తెలుగు పరీక్షలో చిక్కు వేరు. ఇంటరు చదువు ఆంగ్ల మాధ్యమపు బాలుడు లేఖకుడై వచ్చును. అభ్యర్థిని ‘ఔచిత్యము’ అని స్పష్టముగా చెప్పును. అతడు తోచినట్లు వ్రాయును. పరీక్షకుడు అక్షరదోషమునకు మార్కు తగ్గించును. దోషము ఎవరిది? మన అంతర్గత పరీక్షలలోనైనను లేఖకుని అక్షరదోషములకు మార్కు తగ్గింపరాదని మా శాఖ తీర్మానించినది. తెలుగు చక్కగా వ్రాయగల ఇంటరు విద్యార్థుల పేర్లతో ఒక పట్టిక సిద్ధము చేయుచున్నాము. పట్టణములోని జూనియరు కళాశాలలలో తమ్ములు, చెల్లెండ్రు చదువుచున్న విద్యార్థులు మా శాఖలో పేర్లు ఇవ్వవలెనని కోరుచున్నాము.

వినికిడి లోపముగల విద్యార్థులను గూర్చి ఎక్కువ వ్రాయుటకు మాకు అనుభవము లేదు. అధ్యాపకుడు బల్లవైపు తిరిగి మాటాడినచో పెదవులు కనబడవు గనుక వ్రాయుటయు, మాటాడుటయు వేరువేరుగా చేయవలెను. భారతీయ సంజ్ఞాభాషకు పదివేల పదముల నిఘంటువు 2021 నాటికే సిద్ధమైనది. మన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా ఉండిన అలీ యావర్ జంగ్ పేరిట బొంబాయిలో వినికిడి వైకల్యమునకు జాతీయ సంస్థ 1983లో ఏర్పడినది. దాని శాఖ సికింద్రాబాదులో ఉన్నది. అచ్చటికి మన అధ్యాపకులలో ఇద్దరినైనను శిక్షణకు పంపవలెనని ప్రధానాచార్యులవారికి విన్నవించితిమి.

ప్రథమ సంవత్సరపు తరగతులు క్రింది అంతస్తునకు మారినవి. ఇది గడచిన మాసముననే జరిగినది. వేపచెట్టు క్రింది వాలుబాట కొలతల చిత్రమును, గ్రంథాలయపు మార్పిడి ప్రతిపాదనను కార్యాలయములో దాఖలు చేసినాము. మార్చి మాసములో సంఘ సమావేశము జరుగును. తృతీయ సంవత్సర విద్యార్థి ఏప్రిలులో పరీక్షలు వ్రాసి వెళ్ళిపోవును. బాట అతనికి ఉపయోగపడదు. కొలతలు తీయు దినమున టేపు రెండవ కొన పట్టుకొన్నది మాత్రము అతడే. అంతర్గత మూల్యాంకన పత్రములో మేము వ్రాసిన వాక్యమును కొట్టివేయుటకు కార్యాలయమునకు దరఖాస్తు పెట్టితిమి. గడువు దాటిన దిద్దుబాట్లకు సంఘము అనుమతి కావలెనట. ఆ కాగితమును మార్చి సమావేశము ముందుకే వచ్చును.